జరిపిన గోడ

అక్క పెళ్ళి మంచం లారీలోంచి దిగిన రోజే మా తోటలో ఆ ఏడాది మొదటి డురియన్, పనసలాంటి ముళ్ళ పండు, రాలింది. మంచాన్ని ముక్కలుగా మోసుకొచ్చి ఇంటి కొస గదిలో బిగించబోతే, తలవైపు పలక ఒక గోడకు ఆనింది, కాళ్ళవైపు పలక ఎదుటి గోడకు ఆనింది. తలుపు సగం కూడా తెరుచుకోలేదు.

"పెళ్ళికొడుకు కిటికీ దూకి రావాల్సిందే," అంది అమ్మమ్మ.

లారీవాళ్ళు పగలబడి నవ్వారు. దెస్మా అక్క మొహం దాచుకుని వంటింట్లోకి పారిపోయింది. నేను తలుపు వెనకే నిలబడ్డాను. ఇంట్లో కొత్తవాళ్ళు ఉంటే నా చోటు ఎప్పుడూ అదే.

ఆ మంచం కొన్నది మామయ్య జుస్రిల్. అమ్మకి అన్న. జకార్తాలో ఆయనకి బట్టల కొట్టు ఉంది, పెళ్ళి కోసం ఊరొచ్చాడు. నా చిన్నప్పుడు వచ్చిన పెద్ద భూకంపంలో మా పాత చెక్క ఇల్లు ఒరిగిపోతే, సిమెంటు స్తంభాలు, దూలాలు పోయించి, పైన జింకు రేకులు వేయించి, ఈ ఇల్లు కట్టించింది కూడా ఆయనే. స్తంభాల మధ్య ఇటుక గోడలన్నీ కట్టింది మాత్రం నాన్న. నాన్న తాపీమేస్త్రీ.

మాలో ఇల్లు ఆడవాళ్ళది. ఇంటి సంగతులు తేల్చేది మేనమామ. భర్తగా వచ్చినవాడు ఎన్నేళ్ళున్నా గౌరవమైన అతిథి. అందుకే నాన్నని మా ఇంట్లో ఎవరూ పేరు పెట్టి పిలవరు, పెళ్ళినాడు ఇచ్చిన బిరుదుతో 'సూతాన్' అంటారు. చేపల పులుసు వండితే తలకాయ ఎప్పుడూ ఆయన పళ్ళెంలోకే వెళ్తుంది.

కొత్త పెళ్ళికూతురికి కొస గది ఇవ్వాలి. అది మార్చడానికి లేదు. మంచం తిప్పి పంపడం మామయ్యకి అవమానం. ఇంక మిగిలింది గోడ. కొస గదికీ అమ్మమ్మ గదికీ మధ్య ఉన్న అడ్డగోడ.

"దాన్ని నా వైపు కాస్త జరపండి. నా ఒక్కదానికీ అంత గదెందుకు?" అంది అమ్మమ్మ.

"జరపడానికి అది బల్లా అత్తమ్మా?" అన్నాడు నాన్న నవ్వుతూ.

"మా అమ్మ పెళ్ళికి జరిపారు. నా పెళ్ళికి జరిపారు. పొద్దున్నే నలుగురు మగాళ్ళు పలకలు ఊడదీసి, భోజనాల వేళకి అవతల బిగించేశారు. ఇల్లు మోసేవి స్తంభాలు సూతాన్. గోడంటే లుంగీ లాంటిది. బిగించుకుంటాం, వదులు చేసుకుంటాం."

మామయ్యకి ఆ మాట నచ్చింది. "నిజమే కదా సూతాన్? ఈ గోడ మీద ఏ బరువూ లేదు కదా?"

"లేదు బావగారూ. తనని తాను నిలబెట్టుకుంటే చాలు దానికి," అన్నాడు నాన్న.

పాత గోడ పడగొట్టడానికి నాన్నా, ఇద్దరు కూలీలూ చాలా అవస్థ పడ్డారు. మధ్యలో ఇటుకలు ఊడాయి కానీ చివర్లు స్తంభాలని వదల్లేదు. ప్రతి ఆరు వరుసలకీ ఒక ఇనుప చువ్వ స్తంభంలోంచి బయటికొచ్చి, ఇటుకల మధ్య సిమెంటులో పడుకుని ఉంది.

"గోడని ఇలా కుట్టేశారేంటి సూతాన్?" అన్నాడు మామయ్య, చెమట తుడుచుకుంటూ. ఆయన కూడా పంచె మోకాళ్ళ పైకి కట్టి సుత్తి పట్టుకున్నాడు.

"మీరు కొన్న ఇనుమే బావగారూ."

ఆ చువ్వల సంగతి మా ఊళ్ళో అందరికీ తెలుసు. పెద్ద భూకంపం తర్వాత ఆఫీసర్లు ఇంటింటికీ తిరిగి చెప్పారు. ఇల్లు ఊగినప్పుడు స్తంభాలు వంగి మళ్ళీ లేస్తాయి, వాటికి కట్టని గోడ మాత్రం అట్టముక్కలా పడిపోతుంది, చంపేది అదే అని. అప్పట్లో పిల్లలుగా ఉన్న మాకు అదొక ఆట అయింది. ఇద్దరు స్తంభాల్లా నిలబడితే మధ్యలో వరసగా నిలబడ్డవాళ్ళు వాళ్ళ చేతులు పట్టుకోవాలి. 'చువ్వ!' అని అరవగానే ఎవరి చెయ్యి ఖాళీగా ఉంటే వాళ్ళు కింద పడాలి. తర్వాత చాలా ఏళ్ళు భూమి చిన్నగానే కదిలింది. ఆట ఆడేవాళ్ళు పెద్దవాళ్ళయ్యారు. కొత్త పిల్లలకి ఆ ఆట తెలియదు.

కొత్త గోడ రావలసిన చోట నాన్న నేల మీద సుద్దతో గీత గీశాడు. ఆ గీతకి ఏ చివరా స్తంభం లేదు. ఒకవైపు కిటికీ ఉన్న గోడ, ఇంకోవైపు హాలు గోడ. పైన దూలం కూడా లేదు, పల్చటి చెక్క కప్పు మాత్రమే. నాన్న కాసేపు గొంతుక్కూర్చుని చూసి, గీతకి రెండు చివర్లా రెండు చిన్న చదరాలు గీశాడు.

"బావగారూ, ఇక్కడొకటి, ఇక్కడొకటి చిన్న స్తంభాలు పోద్దాం. నా అరచెయ్యంత వెడల్పు చాలు. పైన రెండిటినీ కలుపుతూ ఒక పట్టీ. గోడని వాటికి కట్టేస్తాను."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"టైల్సు పగలగొట్టి నేల కింది పునాది దూలం దాకా వెళ్ళాలి. పోశాక అది గట్టిపడాలి. ఆ తర్వాతే గోడ."

మామయ్య నేలకేసి చూశాడు. అవి పెళ్ళి కోసమని ఆ నెలలోనే పరిచిన టైల్సు. వాటి మీద అమ్మ ఎవరినీ చెప్పులతో అడుగు పెట్టనిచ్చేది కాదు.

"పెళ్ళి దాటిపోతుంది సూతాన్."

"పోనీ, ఇప్పటికి ప్లైవుడ్ పెడదాం. పెళ్ళయ్యాక తీరిగ్గా ఇటుకతో కడతాను."

"ప్లైవుడ్డా!" అంది అమ్మమ్మ. "కొత్త జంట తుమ్మినా నాకు వినబడుతుంది."

"నీకు కావలసింది అదేగా," అంది అమ్మ.

అందరం నవ్వాం. మామయ్య కూడా నవ్వాడు కానీ తల అడ్డంగా ఊపాడు. "అలా కాదు సూతాన్. మగపెళ్ళివారు గదిలోకొచ్చి గోడ మీద వేళ్ళతో కొట్టి చూస్తారు. డొల్లగా మోగిందంటే, జుస్రిల్ మేనకోడలికి అట్టపెట్టెలో కాపురం పెట్టాడంటారు. ఇటుకే కట్టండి. ఆ స్తంభాల సంగతి పెళ్ళయ్యాక చూద్దాం."

నాన్న ఏదో అనబోయాడు. మామయ్య మర్యాదగా ఆగి, ఆయన చెప్పేదాని కోసం ఎదురుచూశాడు. నాన్న సుద్దముక్క జేబులో వేసుకుని, "సరే బావగారూ," అన్నాడు.

ఆ మధ్యాహ్నం వంటింట్లో అమ్మ ఆయన మీద లేచింది.

"మా అన్నకి గట్టిగా చెప్పొచ్చుగా?"

"ఎంత గట్టిగా?"

"వినేంత గట్టిగా."

"చెప్పాల్సింది చెప్పాను ఎర్నా. ఇంకోసారి చెబితే అది సలహా కాదు, పోట్లాట. పెళ్ళింట్లో అతిథి పోట్లాడతాడా?"

"ఇద్దరు పిల్లలు పుట్టి పెళ్ళీడుకొచ్చారు, ఇంకా అతిథేనా మీరు?"

"చేప తలకాయ ఇంకా నాకే వేస్తున్నావుగా."

అమ్మ గరిటెతో ఆయన భుజం మీద ఒకటి వేసింది. ఆయన తన పళ్ళెంలోని చేప తలకాయలోంచి కన్ను తీసి నా పళ్ళెంలో పెట్టాడు. అది నాకిష్టమని ఆయనకి తెలుసు.

గోడ తొందరగానే లేచింది. నాన్న దాన్ని అడ్డదిడ్డంగా కట్టలేదు. ప్రతి వరుసకీ తాడు కట్టిన గుండు వదిలి నిలువు చూసుకున్నాడు. నున్నగా పూత పూశాడు. అక్క వైపు గులాబీ రంగు, అమ్మమ్మ వైపు తెలుపు. పెళ్ళిరోజు మగపెళ్ళివారిలో ఒక ముసలాయన నిజంగానే వేళ్ళ కణుపులతో ఆ గోడని కొట్టి చూసి తల ఊపాడు. మామయ్య నాన్నకేసి చూసి కన్ను గీటాడు. వెదురు బొంగుల్లో కాల్చిన జిగురన్నం, డురియన్ గుజ్జు, గేదె మాంసం కూర. మూడు వాకిళ్ళ నిండా జనం. నాన్న తెల్ల చొక్కా తొడుక్కుని, వచ్చినవాళ్ళకి చేతులు కడుక్కునే నీళ్ళు అందిస్తూ తిరిగాడు.

పెళ్ళి అయిపోయింది. మామయ్య జకార్తా వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు వాకిట్లో నాన్న చెయ్యి పట్టుకుని, "ఆ స్తంభాలు మర్చిపోకండి సూతాన్. ఏం కావాలన్నా ఫోన్ చెయ్యండి," అన్నాడు. నాన్న ఆ వారమే ఇనుము కోసి, వంచి, కట్టలు కట్టి పెరట్లో పెట్టుకున్నాడు.

ఈసారి వద్దన్నది అమ్మ.

"అప్పుడే ఎలా? పెళ్ళికొడుకు ఇంట్లోకొచ్చి ఎన్నాళ్ళయిందని? మామగారు సుత్తి పట్టుకుని పడగ్గది గోడ తవ్వితే, పొమ్మంటున్నారేమో అనుకుంటాడు. అసలే బిడియస్తుడు. అన్నం కూడా సగమే తింటున్నాడు."

నాన్న ఆలోచించాడు. బావ రఫ్లిస్ నిజంగా అలాంటివాడే. కుర్చీ అంచున కూర్చునేవాడు. నేను కూడా అలాగే కూర్చుంటాను కాబట్టి నాకు ఆయన నచ్చాడు. నాన్న కొత్తగా వచ్చినప్పుడు తానెలా ఉండేవాడో మాకు చెప్పేవాడు. మూడు నెలలు ఉప్పు ఎక్కడుంటుందో అడగలేదట. చప్పటి కూరే తిన్నాడట.

"సరే, కాస్త కుదురుకోనీ," అన్నాడు.

కానీ అమ్మమ్మ మంచం విషయంలో ఊరుకోలేదు. గది చిన్నదైపోవడంతో ఆవిడ మంచం కొత్త గోడని ఆనుకుని ఉంది. నాన్న దాన్ని కిటికీ కిందికి లాగాడు. "అత్తమ్మా, గోడ ఇంకా పచ్చిది. ఇటువైపు పడుకోండి," అన్నాడు. పచ్చిదని అన్నాడంతే. ముసలావిడని భయపెట్టడం ఎందుకనుకున్నాడేమో.

మర్నాటికి మంచం మళ్ళీ గోడ దగ్గరే ఉంది.

"కిటికీ దగ్గర గాలికి నా మోకాళ్ళు పీకేస్తున్నాయి. పైగా ఇక్కడైతే వినబడుతుంది," అంది అమ్మమ్మ నాతో.

"ఏం వినబడుతుంది?"

"మునిమనవడు."

"ఇంకా పెళ్ళయి నెలన్నా కాలేదు అమ్మమ్మా!"

"వస్తున్నాడో లేదో కనిపెట్టాలి కదే పిచ్చిమొద్దూ. పొద్దున్నపూట దెస్మా వాంతి చేసుకుంటే మీ అమ్మకంటే ముందు నాకే తెలియాలి." అని చెవి గోడకి ఆనించి, కళ్ళు మూసుకుని, డాక్టరులా మొహం పెట్టింది. నేను నవ్వు ఆపుకోలేక తలగడలో మొహం పెట్టుకున్నాను. నాన్న మళ్ళీ మంచం జరిపాడు. ఆవిడ మళ్ళీ నన్ను పిలిచి వెనక్కి లాగించింది. అలా ఇద్దరికీ అదొక ఆట అయింది.

డురియన్ల కాలం చివరికొచ్చింది. చెట్ల కింద పెంకులు నల్లబడ్డాయి. ఆ రోజు అక్కా బావా కలిసి బావ వాళ్ళ అమ్మగారింటికి వెళ్ళారు. నాన్న ఏటి అవతల ఎవరిదో పునాది పనిలో ఉన్నాడు. అమ్మమ్మ మధ్యాహ్నం నమాజు చేసుకుని పడుకుంది. నేను వాకిట్లో ఎండబోసిన దాల్చినచెక్క తిరగేస్తున్నాను.

ముందు జింకు రేకులు గలగలమన్నాయి. గాలి అనుకున్నాను. చూస్తే చెట్లు కదలడం లేదు. అప్పుడు కాళ్ళ కింద నేల పక్కకి తోసింది. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి నా మీద పడింది. "అమ్మా! బయటికి రా!" అని లోపలికి అరిచింది. ఇల్లు మా కళ్ళముందే ఒక పక్కకి వెళ్ళి తిరిగొచ్చింది. మళ్ళీ వెళ్ళి తిరిగొచ్చింది. ఆగిపోయింది.

పక్కింటివాళ్ళు, "అయిపోయింది, అయిపోయింది, చిన్నదే," అని కేకలేశారు. ఎవరో నవ్వారు కూడా. మా ఇంటి మీద ఒక్క రేకు కూడా లేవలేదు. అప్పుడు అమ్మమ్మ కిటికీలోంచి తెల్లటి దుమ్ము మెల్లగా బయటికొచ్చింది. ఆ ఒక్క కిటికీలోంచే.

లోపల స్తంభాలు అలాగే ఉన్నాయి. హాల్లో పటాలు గోడకి అలాగే ఉన్నాయి. బల్ల మీద బావ సగం తాగి వదిలిన టీ గ్లాసు కూడా ఒలకలేదు. అడ్డగోడ మాత్రం పెద్ద పెద్ద పలకలుగా అమ్మమ్మ మంచం మీద పడుకుని ఉంది. గులాబీ రంగు పైకి తిరిగి ఉంది.

నాన్నకి ఎవరు చెప్పారో తెలియదు. ఏరు అడ్డంగా దాటొచ్చాడు, నడుం దాకా తడిసి ఉన్నాడు. జనం గునపాలు తెచ్చారు. ఆయన ఎవరినీ గునపం వెయ్యనివ్వలేదు. "తగులుతుంది, ఆవిడకి తగులుతుంది," అంటూ ఇటుకలన్నీ తన చేతులతోనే తీశాడు. తీసిన ప్రతిదాన్నీ మెల్లగా పక్కన పెట్టాడు, మళ్ళీ వాడుకోవడానికి పేర్చినట్టు. అమ్మమ్మ పక్కకి ఒత్తిగిలి, గోడవైపు తిరిగి ఉంది. అరచెయ్యి చెవి దగ్గర ఉంది.

మామయ్య మర్నాడు ఉదయానికి వచ్చాడు. ఖననం అప్పటిదాకా ఆపారు.

ఏడో రోజు ప్రార్థన అయ్యాక మా వంశం పెద్దలు హాల్లో గోడల వెంట కూర్చున్నారు. కాఫీ గ్లాసులు తిరిగాయి. వాళ్ళలో పెద్దాయన తల ఎత్తకుండా అన్నాడు. "ఊళ్ళో ఒక్క గోడ పడలేదు. ఈ ఇంట్లో కూడా ఇంకే గోడా పడలేదు. ఇదెందుకు పడిందో?"

ఎవరి మోకాళ్ళు వాళ్ళు చూసుకున్నారు. కట్టింది ఎవరో అందరికీ తెలుసు. అతిథిని ఆ మాట అడగకూడదు.

"కట్టింది నేనే," అన్నాడు నాన్న.

ఇంకేమైనా చెబుతాడని చూశాను. వంటింటి గుమ్మంలో ఆడవాళ్ళ వెనక ఉన్నదాన్ని ముందుకొచ్చాను. ఆ హాల్లో మగవాళ్ళ మధ్య నేను ఎప్పుడూ నోరు విప్పలేదు.

"నాన్న చిన్న స్తంభాలు పోద్దామన్నాడు. సుద్దతో గీశాడు కూడా. మామయ్య పెళ్ళయ్యాక చూద్దామన్నాడు."

అమ్మ నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగబోయింది. మామయ్య అన్నాడు, "దాన్ని వదిలెయ్ ఎర్నా. అది చెప్పింది నిజం." టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నేనే వద్దన్నాను. టైల్సు పాడవుతాయని వద్దన్నాను." ఆ టైల్సు మీదే కూర్చుని, అంతమంది ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నా తల్లిని నేనే..."

"అలా అనకు జుస్రిల్. దేవుడు రాసిపెట్టాడు," అన్నాడు పెద్దాయన.

నాన్న మామయ్య దగ్గరికి జరిగి, ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "మీరు వద్దన్నారు బావగారూ, నిజమే. కానీ తాపీ మీ చేతిలో లేదు. అలా కట్టకూడదని తెలిసినవాణ్ణి నేను. చేతులు కట్టుకుని కూర్చుంటే సరిపోయేది. కోపం వచ్చేది మీకు. అంతేకదా."

నేను చెప్పాల్సింది చెప్పేశాను కాబట్టి, మామయ్య ఒప్పుకున్నాడు కాబట్టి, ఇంక అంతా సర్దుకుంటుందనుకున్నాను. ఎవరూ నాన్నని ఒక్క మాట అనలేదు. పెద్దలు వెళ్ళేటప్పుడు ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నారు. ఆ రాత్రి డైరీ తెరిచి, 'నాన్న తప్పు లేదని అందరూ విన్నారు' అని రాసుకున్నాను.

కానీ మా ఇంట్లో భోజనాలు మారిపోయాయి. అమ్మ చేప తలకాయ నాన్న పళ్ళెంలో పెట్టేది, కూర్చునేది కాదు. ఏదో పని ఉన్నట్టు పెరట్లోకి వెళ్ళేది. ఆయన తలకాయ ముట్టకుండా నా వైపు తోసేవాడు. నాకూ దిగేది కాదు.

ఒక ఉదయం ఆయన మంచినీళ్ళ గ్లాసు అమ్మకి అందించాడు. అమ్మ చెయ్యి చాచి, సగంలో ఆపేసింది. ఆయన గోళ్ళలోకి చూస్తోంది. ఎంత కడిగినా పోని సిమెంటు బూడిద రంగు అక్కడ ఎప్పుడూ ఉండేదే. నా చిన్నప్పటి నుంచీ ఉంది.

"అన్నీ నాకు తెలుసు," అంది అమ్మ. "మా అన్న వద్దన్నాడు. పెళ్ళయ్యాక నేనే వద్దన్నాను. నాకు తెలుసు. కానీ మీ చేతులు..." అని ఆగింది. "కొన్నాళ్ళు నా కళ్ళముందు లేకపోతే బాగుణ్ణు."

నాన్న గ్లాసు కింద పెట్టాడు. "సరే ఎర్నా," అన్నాడు. మామయ్యతో అన్న 'సరే' లాగే అన్నాడు.

మా వైపు ఒక భర్త ఇల్లు వదిలి వెళ్ళడానికి బండి మాట్లాడక్కర్లేదు. బట్టలూ పనిముట్లూ ఒక్క మోటారుసైకిలు మీద సరిపోతాయి. సాయంత్రానికి ఆయన ఏటి అవతల వాళ్ళ చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయాడు. అక్క గుమ్మం పట్టుకుని ఏడ్చింది. బావ రఫ్లిస్ సంచి మోసుకుంటూ రోడ్డు దాకా వెళ్ళాడు. అమ్మ వంటింట్లో కొబ్బరి కోరుతోంది. ఆ పూట మేం తిన్న దేంట్లోనూ కొబ్బరి లేదు.

నేను ఆదివారాలు అత్త ఇంటికి వెళ్ళేదాన్ని. ఆ ఇల్లు కూడా ఆడవాళ్ళదే, అత్తదీ ఆవిడ కూతుళ్ళదీ. నాన్నకి అక్కడా గది లేదు. ముందు వసారాలో చాప చుట్టి గోడకి నిలబెట్టి ఉండేది.

"అమ్మ ఎలా ఉంది?"

"వండుతోంది."

"తింటోందా?"

"ఇంటికి రా నాన్నా," అన్నాను.

"అమ్మ రమ్మందా?"

అబద్ధం చెబుదామని నోరు తెరిచాను. ఆయన నా మొహం చూస్తున్నాడు. తల అడ్డంగా ఊపాను.

"పోన్లే. నువ్వు వస్తున్నావుగా," అని అత్త వేయించిన అరటికాయ చిప్స్ నా సంచిలో పోశాడు.

వానలు మొదలయ్యాయి. రెండు గదుల మధ్య గోడ లేక, అక్కా బావా హాల్లో పడుకుంటున్నారు. మామయ్య ఫోన్ చేసి, పట్నం నుంచి మంచి మేస్త్రీని పంపిస్తానన్నాడు.

"పట్నం మేస్త్రీ వద్దు," అంది అమ్మ. "పాత చోటనే కట్టించాలి, స్తంభానికీ స్తంభానికీ మధ్య. ఆయనే కట్టాలి." ఫోన్ నా చేతికిచ్చి, "మీ నాన్నకి చెప్పు. పనుందని చెప్పు," అంది. పనుందని మాత్రమే.

ఆయన పొద్దున్నే వచ్చాడు. వాకిట్లో దగ్గి, చెప్పులు విప్పి, పిలిచేదాకా అక్కడే నిలబడ్డాడు. బావ ఎదురెళ్ళి లోపలికి తీసుకొచ్చాడు. అమ్మ టీ గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది, కూలివాళ్ళకి పెట్టినట్టు.

పెద్ద మంచాన్ని విప్పి మళ్ళీ ముక్కలు చేసి చూరు కింద పేర్చేశాం. నాన్న స్తంభాలకి కన్నాలు వేసి కొత్త చువ్వలు దిగ్గొట్టాడు. ఆయన అమ్మమ్మ గదిలో ఉన్నాడు. ఇటుకలు కొస గదిలో ఉన్నాయి. నేను అక్కణ్ణించి అందించాలి. కాసేపటికి అమ్మ వచ్చి, నా పక్కన నిలబడి, నా చేతిలో ఇటుక తీసుకుని తనే ఆయనకి అందించింది. ఆయన తీసుకున్నాడు. వేళ్ళు తగలకుండా ఇద్దరూ జాగ్రత్తపడ్డారు.

గోడ మోకాళ్ళ దాకా ఉన్నప్పుడు ఆయన, "దెస్మాకి వేవిళ్ళటగా?" అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"రఫ్లిస్."

"మూడో నెల," అంది అమ్మ. ఇంకో ఇటుక అందిస్తూ, "అమ్మ ఉంటే ముందు తనకే తెలిసేది," అంది.

ఆయన ఆరు వరుసలకోసారి చువ్వని వంచి, సిమెంటు కప్పేముందు నన్ను పిలిచి లాగి చూడమన్నాడు. రెండు చేతులతో లాగాను. కదల్లేదు. గోడ నడుం దాకా వచ్చింది. భుజాల దాకా వచ్చింది. అమ్మ ఇటుకలు పైకెత్తి ఇవ్వాల్సి వచ్చింది. మాటలు తగ్గిపోయాయి. అటువైపు ఆయన బల్ల ఎక్కాడు. పైన దూలానికి కూడా ఇనుప పట్టీలు బిగించాడు. చివరికి ఒక్క ఇటుక పట్టే సందు మిగిలింది. అందులో ఆయన కళ్ళూ, సిమెంటు పడిన కనుబొమలూ కనిపించాయి.

"నెల్వీ, వారం రోజులు పొద్దునా సాయంత్రం తడపాలి. రెండువైపులా. అసలు ఆరనివ్వకూడదు," అన్నాడు.

చెప్పింది నాకు. తల ఊపింది అమ్మ. చివరి ఇటుక ఆవిడే అందించింది.

సందు మూసుకుపోయాక తాపీతో గీకుతున్న చప్పుడు కాసేపు వినబడింది. అమ్మ గోడకి ఎదురుగా నిలబడి, "భోంచేసి వెళ్ళండి," అంది.

"చెల్లెలు వండి ఉంటుంది," అని అవతలి నుంచి వచ్చింది. తర్వాత నీళ్ళతో చేతులు కడుక్కుంటున్న చప్పుడు, చాలాసేపు. తర్వాత మోటారుసైకిలు.

ఆ సాయంత్రం నుంచే అమ్మ గోడ తడపడం మొదలుపెట్టింది. నన్ను ముట్టుకోనివ్వలేదు. పొద్దున్న నమాజు అయ్యాక ఒకసారి, పొద్దువాలేముందు ఒకసారి, బకెట్టు మోసుకొచ్చి, మగ్గుతో పైనుంచి కిందికి, మెల్లగా, ఇటూ అటూ. వారం అయింది. ఇంకో వారం అయింది. ఇటుకల మీద పాకుడు పట్టడం మొదలైంది. టైల్స్ మీద నీళ్ళు నిలుస్తున్నాయని అక్క గొణిగింది. పూత ఎప్పుడు పూయిస్తారని బావ అడిగాడు.

"అమ్మా, నాన్న చెప్పిన వారం ఎప్పుడో అయిపోయింది," అన్నాను నేను. "గోడ గట్టిపడిపోయింది."

అమ్మ మగ్గు బకెట్టులో ముంచింది.

"గట్టిపడిందో లేదో కట్టినవాళ్ళు వచ్చి చెప్పాలి," అంది.